ధ్రువ మేఘాలూ రేపల్లె కచ్చికా

వీరరాఘవయ్య గారి గురించి మా కాలేజీలో ఎవరిని అడిగినా ముందు ఆయన కడిగిన గాజు గురించే చెబుతారు. బాపట్లలో మా పాత మేడ పై అంతస్తున ఉన్న కెమిస్ట్రీ ల్యాబులో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు అటెండరుగా పనిచేశారు. బీకరైనా, బ్యూరెట్టైనా, చిన్న గాజు పలకైనా కడిగాక కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, తృప్తి కలిగితేనే స్టాండులో పెట్టేవారు. లేకపోతే మళ్ళీ కుళాయి దగ్గరికే. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన్ని పరిచయం చేసేటప్పుడు మా హెడ్డు వేంకటసుబ్రహ్మణ్యం గారు, "ఈయన కడిగిన గ్లాసులో నీళ్ళు పోస్తే గ్లాసు కనపడదండి, నీళ్ళే కనపడతాయి" అనేవారు. ఆ మాటకి ఈయన తల వంచుకుని భుజం మీద తువ్వాలు సర్దుకునేవారు. ఆయనకు ఆస్తీ, హోదా ఏమీ లేవు. ఉన్నది ఆ పేరొక్కటే.

నేను మైథిలిని. తెనాలి నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి, చదువుకున్న కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. నాకు నోరూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒకసారి పిపెట్టు విరగ్గొట్టి, తప్పు దానిదేనని గంటసేపు వాదించానట. ఆ సంగతి ఆయన పదిమందిలో గుర్తుచేసి నవ్వేవారు. కాలేజీ అంతా ఆయన్ని బాబాయ్ గారనే పిలుస్తుంది, నేనూ అంతే.

నా పరిశోధన ఏమిటో చెబితే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. సముద్రం పక్కన, మాఘమాసంలో కూడా ఫ్యాను కట్టెయ్యలేని ఊళ్ళో కూర్చుని నేను దక్షిణ ధ్రువం మీది మంచు మబ్బుల గురించి తల బద్దలుకొట్టుకుంటున్నాను. అక్కడ చలికాలంలో నెలల తరబడి పొద్దు పొడవదు. విమానాలు తిరిగే ఎత్తుకి రెట్టింపు ఎత్తున, నేలకి ఇరవై కిలోమీటర్ల పైన, గాలి మైనస్ ఎనభైకి దిగిపోతుంది. అది మామూలుగా మబ్బు పట్టే చోటే కాదు, అంత పొడిగాలి. కానీ ఆ చలిలో కాస్త నీరూ కాస్త నైట్రిక్ యాసిడూ కలిసి కంటికానని బొట్లవుతాయి, వాటిలో కొన్ని గడ్డకట్టి మంచు పలుకులవుతాయి. మనం భూమ్మీద నుంచి పైకి వదిలిన క్లోరిను ఆ పలుకుల మీదే మేలుకుని, వసంతంలో సూర్యుడు కనపడగానే ఓజోన్ పొరని తినెయ్యడం మొదలుపెడుతుంది. అంత పెద్ద ఆకాశానికి చిల్లు పడటానికి అంత చిన్న పలుకు కారణమని మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ బొట్టు ఎప్పుడు గడ్డకడుతుంది, దేన్ని చూసుకుని కడుతుంది అన్న ప్రశ్న నన్ను ఇవాళ్టికీ వదల్లేదు.

నా యంత్రం చూస్తే మీకూ నవ్వొస్తుంది. అరచేయంత రాగి దిమ్మ, దానిలోంచి పారే ద్రవ నైట్రోజన్, పైన ఒక మైక్రోస్కోపు. పశువుల ఆసుపత్రులకి నైట్రోజన్ క్యాన్లు తెచ్చే వ్యానే మాకూ ఒక క్యాను దింపి వెళుతుంది. రాగి దిమ్మ మీద గాజు పలక పెట్టి, దాని మీద యాసిడ్ నీటి బొట్లు చల్లి, మెల్లగా చల్లార్చడం నా పని. ఒక్కో బొట్టు ఆవగింజలో వందో వంతుండదు. మైక్రోస్కోపుకి రెండు ప్రత్యేకమైన అద్దాలు అమర్చాను. వాటిలోంచి చూస్తే ద్రవంగా ఉన్నంతసేపూ బొట్టు నల్లగా ఉంటుంది, గడ్డకట్టగానే రంగులతో వెలుగుతుంది.

రెండేళ్ళు ఆ పనిచేశాను. సోమ, మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం నాకు క్లాసులుండవు కాబట్టి నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున తాపీగా చల్లార్చేదాన్ని. గురు, శుక్ర, శనివారాల్లో రెండు క్లాసుల సందులో గబగబా, నిమిషానికి పది డిగ్రీలు దింపేసేదాన్ని. తాపీగా చల్లార్చిన రోజుల్లో బొట్లు మైనస్ డెబ్బై అయిదుకే వెలిగేవి. గబగబా చల్లార్చిన రోజుల్లో ఎనభై దాటితే గాని వెలిగేవి కావు. మెల్లగా చల్లారితే బొట్టు దానంతటది ముందే గడ్డకడుతుందని తేల్చుకున్నాను. ధ్రువాల మీద గాలి చల్లారేదీ మెల్లగానే కాబట్టి, నేను కనిపెట్టింది చిన్న విషయం కాదనుకున్నాను. ఫిబ్రవరిలో మా కాలేజీలో సెమినారు పెట్టారు. ఇవే మబ్బుల మీద పనిచేసిన ఒక పెద్ద ప్రొఫెసరు బయటినుంచి వస్తున్నారు. మాట్లాడేవాళ్ళలో నా పేరు మొదటి వరసలో ఉంది.

సెమినారుకి ముందు శనివారం, ల్యాబులో నేను చెప్పబోయేదంతా ఒకసారి పైకి చెప్పుకున్నాను. వినడానికి బాబాయ్ గారు తప్ప ఎవరూ లేరు, అందుకని తెలుగులోనే చెప్పాను. ఆయన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుని మొత్తం విన్నారు. చివర్లో గ్రాఫు చూపించాను. పైన ఒక చుక్కల గుంపు, కింద ఒక చుక్కల గుంపు, మధ్యలో ఖాళీ.

"పై గుంపంతా సోమ, మంగళ, బుధేనా అమ్మా?" అని అడిగారు.

"అవును బాబాయ్ గారూ, తాపీగా చేసిన రోజులు."

"కిందవన్నీ గురువారం నుంచీనా?"

"అవును. ఎంత శుభ్రంగా విడిపోయాయో చూశారా."

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత లేచి, సంచీ తీసుకుని రేపల్లె బస్సుకి వెళ్ళిపోయారు. వారమంతా బాపట్లలో చిన్న గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున్నే రావడం ఆయనకు అలవాటు. నా ఉపన్యాసం ఆయనకు అర్థం కాలేదేమోలే అనుకున్నాను. నాకన్నా ముందే ఆయనకు అర్థమైందని అప్పుడు తెలియదు.

సోమవారం నేను వెళ్ళేసరికి ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రాలేదు.

"అమ్మా, ఒక మాట చెప్పాలండి. తిట్టండి, పడతాను."

"ఏంటి బాబాయ్ గారూ?"

"మీ పలకలు నేను సబ్బుపొడితో కడగట్లేదండి. కచ్చికతో తోముతున్నాను. ఆదివారం మా ఆవిడ కట్టిచ్చిన పొట్లం బుధవారం దాకా వస్తుంది. అది అయిపోయాక, గురువారం నుంచి సబ్బుపొడి."

ఆయన భార్య తులసి గారికి రెండు గేదెలున్నాయి. పిడకలు ఊకలో పెట్టి కాల్చి, ఆ బూడిదని వస్త్రగాళితం పట్టి కచ్చిక చేసి, వాళ్ళింట్లో పళ్ళ దగ్గర నుంచి ఇత్తడి బిందెల దాకా దానితోనే తోముతారు. ల్యాబులో చేరిన కొత్తలో ఆయన గాజుసామాను కూడా దానితోనే తోమేవారు. గీతలు పడుతున్నాయని మా హెడ్డు గట్టిగా కోప్పడితే మానేశానన్నారు. నిజంగానే మానేశారట. నా పలకల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొదలుపెట్టారు.

"మీది మామూలు పని కాదు కదండీ. అంత చిన్న బొట్లు. సబ్బుతో కడిగితే ఏదో పొర మిగులుతుందనిపించింది. అమ్మాయి పని బాగా రావాలని..." అని ఆగిపోయారు.

నాకు సంగతి తలకెక్కడానికి కాసేపు పట్టింది. బూడిద రేణువు నీళ్ళతో ఎంత కడిగినా గాజు గీతల్లో మిగిలి ఉంటుంది, సబ్బుపొడికి గాని వదలదు. బొట్టుకి గడ్డకట్టడానికి ఆసరా కావాలి, ఆ రేణువే ఆసరా అయింది. పాలలో తోడు వేసినట్టు వారానికి మూడు రోజులు నా బొట్లలో బూడిద పడింది. తాపీకీ తొందరకీ అందులో ఏ సంబంధమూ లేకపోవచ్చు. నేను రెండేళ్ళు గీసింది ధ్రువ మేఘాల గ్రాఫు కాదు, కచ్చిక పొట్లం ఏ రోజు అయిపోయిందో చెప్పే గ్రాఫు.

కోపంలో నేనన్న మాట ఇక్కడ దాచిపెడితే ఈ కథ రాయడం దండగ. "ముప్పై ఏళ్ళుగా మీ శుభ్రం గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇదా మీ శుభ్రం? ఇక నా గాజు ముట్టుకోకండి" అన్నాను.

"అలాగేనండి" అని ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, సింకు గట్టు మీద పెట్టారు. వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. జూన్ నెలాఖరుకి ఆయన రిటైరవుతారు. ఆయనకున్న ఒక్క పేరునీ నేను నాలుగు నెలల ముందే తీసేసుకున్నాను.

మర్నాడు పలకలు నేనే కడిగాను, ఇందులో ఏముందిలే అన్న ధీమాతో. ఆయన కచ్చిక పోసుకునే డబ్బా అడుగున మిగిలింది చిటికెడు తీసి వేరే పలక మీద అద్దాను. రెంటినీ ఒకే వేగంతో చల్లార్చాను. కచ్చిక పలక అనుకున్నట్టే డెబ్బై అయిదు దగ్గర వెలిగింది. నేను కడిగిన పలక మీద బొట్లు డెబ్బైకి ఒకటి, డెబ్బై ఆరుకి రెండు, ఎనభై మూడుకి మరొకటి, ఎవరిష్టం వారిదన్నట్టు వెలిగాయి. బుధవారం మళ్ళీ కడిగాను, అదే వరస. కుళాయి నీళ్ళ మట్టో, నా చీర నూలో, నా వేలిముద్రో, బొట్లు దేన్ని పడితే దాన్ని పట్టుకుంటున్నాయి. కడగడం నాకు రాదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు వరండాలోకి వెళ్ళాను.

"లోపలికి రండి బాబాయ్ గారూ. ఒకటి చూద్దురుగాని."

"నేనా అండీ?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఆ మైక్రోస్కోపు కన్ను ఎన్నివేల సార్లు తుడిచారో. అందులోంచి చూడమని ఆయనతో ఎవ్వరూ అనలేదు, నాతో సహా. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆయన చెప్పులు ఎప్పటిలాగే బయట విడిచి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, తగలకుండా వంగి కన్ను ఆనించారు. కింద కచ్చిక అద్దిన పలకే ఉంది. నేను పక్కన నిలబడి అంకెలు చదివాను.

"నల్లగా ఉందండి, చీకటి" అన్నారు మొదట. డెబ్బై నాలుగు అన్నాను. డెబ్బై అయిదు అన్నాను. ఆయన ఒళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడటం నాకు తెలిసింది.

అప్పుడు ఆయనకేం కనపడిందో నాకు తెలుసు. చీకట్లో ఒక బొట్టు నడిమధ్య చిన్న మచ్చ ఉంటుంది, బూడిద రేణువు. దాని అంచునుంచి నీలం ఒక రేకులా వస్తుంది, వెనకే పసుపు, వెనకే తామ్రం. రెప్పవేసేలోగా బొట్టంతా నిండిపోతుంది. పక్క బొట్టు వెలుగుతుంది, ఆ పక్కది వెలుగుతుంది. రెండేళ్ళుగా కొన్ని వందలసార్లు చూశాను, ప్రతిసారీ నాకు ఊపిరాడదు. ఆయన కన్ను తీసి, తువ్వాలు కోసం భుజం తడుముకుని, అది లేదని గుర్తొచ్చి చేత్తోనే కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగారు. చాలాసేపు లేవలేదు.

"పైన కూడా ఇలాగే అవుతుందా అమ్మా?"

"ఇలాగే అవుతుందనుకుంటున్నాం. మన రాష్ట్రం పట్టనంత పెద్ద మబ్బు, దాన్నిండా ఇలాంటి పలుకులే."

"ఎవరన్నా చూస్తారా?"

"ఎవరూ ఉండరు. చీకటి."

"ఎవరూ చూడకపోయినా ఇంత అందంగా అవుతుందా" అన్నారు నెమ్మదిగా. అది ప్రశ్న కాదు. తర్వాత ఆయనే అడిగారు. "మరి అక్కడ కచ్చిక ఎవరు వేస్తారండి?"

 నా పుస్తకాల్లో నలుగుతున్న ప్రశ్నే అది. రాత్రిళ్ళు ఆకాశంలో చుక్క రాలడం చూస్తామే, అవి గాల్లోనే కాలిపోయి పొడైపోతాయని చెప్పాను. రోజూ టన్నులకొద్దీ ఆ పొడి పైనుంచి మెల్లగా దిగుతూనే ఉంటుందని, చలికాలంలో ధ్రువాల వైపు చేరుతుందని, మబ్బులో బొట్లు ఆ పొడిని పట్టుకునే గడ్డకడతాయేమోనని కొందరు అనుకుంటున్నారని చెప్పాను. ఇంకా పూర్తిగా తేలలేదని కూడా చెప్పాను.

ఆయన పలక వంక చూశారు, కిటికీలోంచి పైకి చూశారు. బయట మామూలు బాపట్ల ఎండ. "రాలిన చుక్కల బూడిద" అని మెల్లగా అనుకున్నారు. 

నేను అప్పుడు అడగవలసింది అడిగాను. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా బాబాయ్ గారూ. ఎందుకు చెప్పారు?"

"శని, ఆదివారాలు అదే ఆలోచించానండి. మా ఆవిడ కూడా ఊరుకోమంది. కానీ మీరు పదిమందిలో నిలబడి మబ్బులు ఇలా చేస్తాయి అని చెబుతారు. అవి అలా చెయ్యవు కదమ్మా. నా పేరు నిలబెట్టుకోడానికి మబ్బుల మీద అబద్ధం చెప్పిస్తానా."

ఆ మాటకి నా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. సింకు గట్టు మీద మడిచిపెట్టిన తువ్వాలు తెచ్చి ఆయన చేతికిచ్చాను. నోరు పారేసుకున్నందుకు క్షమించమని అడిగాను. ఆయన "ఊరుకోండమ్మా" అన్నారు గాని, ఆ తువ్వాలు భుజం మీద వేసుకోలేదు. చేత్తోనే పట్టుకున్నారు.

శనివారం సెమినారులో అదే గ్రాఫు వేసి, ఇది ధ్రువ మేఘాలది కాదండి, ఒక కచ్చిక పొట్లానిది అని మొదలుపెట్టాను. హాల్లో నవ్వారు. ఆ పెద్ద ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు. "శుభ్రమైన పలక మీద, తాపీగా చల్లారిస్తే ఏమవుతుంది?" అని అడిగారు. నా దగ్గర శుభ్రమైన పలకే లేదని చెప్పి కూర్చున్నాను. తర్వాత మా హెడ్డు గారు అటెండరుకి మెమో ఇస్తానని ఎగిరారు. గ్రాఫు గీసింది నేను, ముందు నాకివ్వండి అన్నాను. నా నోటి సంగతి ఆయనకు తెలుసు కాబట్టి మెమో అక్కడితో ఆగింది.

సోమవారం బాబాయ్ గారితో చెప్పాను. "నాకు శుభ్రమైన పలక కావాలి. నా చేత కాదు. మీరే కడగాలి."

"నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయిందండి."

"నమ్మకం అక్కర్లేదు. మైక్రోస్కోపే చెబుతుంది."

అలా మార్చిలో మొదలుపెట్టారు. ముందు కొత్త పలకలు తెప్పించాం. వాటిని యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ నీళ్ళతో పదిసార్లు కడిగి, ఆరబెట్టి నాకిస్తే డెబ్బై ఎనిమిది దగ్గర వెలిగాయి. ఆరబెట్టేటప్పుడు గాల్లో దుమ్ము పడుతోందని ఆయనే పట్టుకున్నారు. క్యానులోంచి వచ్చే నైట్రోజన్ గాలి మీదే ఆరబెట్టడం మొదలుపెట్టారు. ఎనభై ఒకటి. తువ్వాలు నూలు రాలుతుందని గదిలోకి తేవడం మానేశారు. నుదుటి మీద విభూతి కూడా పని అయ్యాకే పెట్టుకునేవారు, పలకల కోసం దేవుణ్ణి సాయంత్రందాకా ఆగమన్నారని నేను ఏడిపించేదాన్ని. ఎనభై నాలుగు. నీళ్ళు ఒకసారి మరిగించి చూశారు, రెండుసార్లు మరిగించి చూశారు. ఒక్కోరోజు ఎందుకో తెలియకుండా మళ్ళీ డెబ్బై ఆరుకి పడిపోయేది. అలాంటప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని, పొద్దుటినుంచీ తాను ఏం ముట్టుకున్నదీ వేళ్ళు మడిచి గుర్తుచేసుకునేవారు. ఏప్రిల్ పోయింది. మే నెల ఎండల్లో కాలేజీకి సెలవులిచ్చారు. మేమిద్దరం మాత్రం తాళం తీయించుకుని వచ్చేవాళ్ళం.

ఈలోగా ఆయన ఒకటి నేర్చుకున్నారు, నాకూ నేర్పారు. శుభ్రం కంటికి తెలియదు. కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే తళతళలాడిన పలక కూడా బొట్టు దృష్టిలో దుమ్ముకొట్టుకుపోయి ఉంటుంది. అంత చిన్న బొట్టుకి మన చూపు కన్నా నిశితమైన చూపుందని తెలిసిన కొద్దీ ఆయన మాట తగ్గించారు. పలక పట్టుకుని నడిచేటప్పుడు గర్భగుడిలో నడిచినట్టు నడిచేవారు.

జూన్ ఇరవై ఏడు శుక్రవారం. ఆయన సర్వీసు ఇంక మూడు రోజులుంది. పొద్దున్నే ఒక పలక తెచ్చి దిమ్మ మీద పెట్టి, "కానివ్వండమ్మా" అన్నారు. బొట్లు చల్లాను. నిమిషానికి ఒక్క డిగ్రీ, తాపీగా. ఆయన్నే చూడమన్నాను, నేను అంకెలు చదువుతున్నాను.

మైనస్ డెబ్బై అయిదు దాటింది. "చీకటేనండి" అన్నారు. ఎనభై దాటింది. "చీకటే." ఎనభై నాలుగు మా పాత హద్దు, అదీ దాటింది. నేను ఫ్యాను ఎప్పుడు కట్టేశానో నాకే గుర్తులేదు, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఎనభై ఎనిమిది. తొంభై. బొట్టు పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, ఒక్క రేణువు లేదు. గడ్డకట్టవలసిన చలికి ఎంతో దిగువన, ఎలా కట్టాలో తెలియక నీరుగానే నిలబడి ఉంది. తాపీగా చల్లారినంత మాత్రాన బొట్టు ముందే గడ్డకట్టదని, నేను రెండేళ్ళు నమ్మింది తప్పని ఆ చీకటే చెబుతోంది. నాకు బాధ కలగలేదు. ఇరవై కిలోమీటర్ల పైన, మనిషి జాడ లేని చోట, ఆసరా దొరికేదాకా అలా వేచి ఉండే కోటానుకోట్ల బొట్లు నా కళ్ళ ముందు నిలిచాయి. 

"తొంభై ఒకటి. ఏమన్నా కనపడుతోందా బాబాయ్ గారూ?"

"ఏమీ లేదమ్మా" అన్నారు.  ఆయన కన్ను తియ్యలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళుగా కడుగుతున్నానండి. కడగడం ఇవాళ వచ్చింది."

నేను అంకెలు చదవడం మరిచిపోయాను.